బుజ్జి ఆయుష్షు, నా కుళ్లు

రెండు వారాల కింద ఆదివారం మా చర్చి సంఘంలో పదిహేడు మంది ముసలివాళ్లు ఒకేసారి పుట్టినరోజు చేసుకున్నారు. పద్దెనిమిదోవాణ్ని నేను. వాళ్లలో ఒక్కరు కూడా ఆ రోజు పుట్టలేదు. నేనూ పుట్టలేదు. అంతా నా చేతి పనే. ఎట్లా జరిగిందో చెప్తాను, టీ చల్లారనివ్వకండి. విన్నాక నవ్వుతారని తెలుసు. నవ్వండి. ఇంట్లో ఇప్పటికే నవ్వులపాలయ్యాను, మీరేం కొత్తగా చేసేది లేదు.

ముందు నా సంగతి చెప్పాలి. నా పేరు దేవదానం, అడవి శాఖలో బీట్ ఆఫీసర్‌ని. పాల్వంచ నుంచి ముల్కలపల్లి పోయే దారిలో మా ఇల్లు. అక్కడి నుంచి ఇంకా లోపలికి, సిగ్నల్ అందని చోట మా బేస్ క్యాంపు. నాలుగు రోజులు క్యాంపులో ఉంటాను, రెండు రోజులు ఇంట్లో ఉంటాను. టేకు మొద్దు చూస్తే దాని వయసు చెప్తాను. చచ్చిన దుప్పి పళ్లు చూసి అది ఎన్నేళ్లు బతికిందో చెప్తాను. అట్లాంటి నాకు, యాభై నిండబోయే ముందు, ఫోన్లో ఉండే ఒక లేని జంతువు మీద కుళ్లు పుట్టింది. మామూలు కుళ్లు కాదు, తిన్నది ఒంటబట్టనంత.

మా ఆవిడ సువార్తది వైరా. ఇంట్లోనే మిషన్ కుడుతుంది. సంఘంలో స్త్రీల సమాజానికి కార్యదర్శి కూడా. మా అమ్మాయి కీర్తన ఆగస్టులో ఖమ్మంలో డిగ్రీలో చేరి హాస్టల్‌కి పోతూ పోతూ వాళ్లమ్మ ఫోన్లో రెండు పెట్టి పోయింది. ఒకటి, పుట్టినరోజు మెసేజీలు పంపే యాప్. సంఘంలో అందరి పేర్లూ, నంబర్లూ, ఆధార్ కార్డుల్లో ఉన్న పుట్టిన తేదీలూ అందులో ఎక్కించింది. ఫోన్లో ఆ తేదీ రాగానే, సువార్త ఏమీ నొక్కకుండానే వాళ్లకి మామూలు ఎస్సెమ్మెస్ పోతుంది. రెండోది "మబ్బుకోన" అనే గేమ్. అమ్మకి పొద్దుపోవాలని పెట్టిందట. అమ్మకి పొద్దు ఎంత బాగా పోయిందంటే, ఇంటికొచ్చిన మొగుడు కనపడనంత.

ఆ గేమ్‌లో మబ్బుదూడలని ఉంటాయి. దూడ ఒళ్లు, కుందేలు చెవులు, నెమలి మెడ, వీపు మీద చిన్న మబ్బు. వాటికి మన రోజు ఒకటైతే ఒక ఏడు నిండినట్టు. ఇవాళ గుడ్డులోంచి వస్తే, వారానికి ఏడేళ్లది. పదేళ్ల దాకా పిల్ల, నలభై దాకా పడుచుదనం, ఆ తర్వాత ముసలితనం. మామూలుగా నూరేళ్లు బతుకుతుంది. టైముకి మేత పెట్టి, తెర మీద వేలితో వీపు దువ్వుతూ ఉంటే ఇంకా ఎక్కువ కూడా బతుకుతుంది. ఆయుష్షు తీరాక చావదు, వీపు మీద మబ్బు పెద్దదై దాన్ని పైకి తీసుకుపోతుంది. ఇంత చెప్తున్నానంటే నేనూ ఎంత శ్రద్ధగా చదివానో చూడండి. డిపార్ట్‌మెంటల్ పరీక్షకి ఇంత చదివి ఉంటే ఈపాటికి రేంజ్ ఆఫీసర్‌ని అయ్యేవాణ్ని.

సువార్త ఆ దూడకి బుజ్జి అని పేరు పెట్టింది. నాకు కాలింది అక్కడే. పెళ్లయిన కొత్తలో నన్ను పిలిచిన పిలుపు అది. కీర్తన పుట్టాక నేను "కీర్తన వాళ్ల నాన్న" అయ్యాను, కొన్నాళ్లకి "ఏందయ్యా" అయ్యాను. నా పేరు నాకు చెప్పకుండా తీసుకుపోయి ఒక దూడకి పెట్టేసింది.

ఇంకా వినండి. రోజుకో ఏడు కదా, అంటే బుజ్జికి రోజూ పుట్టినరోజే. నేను నాలుగు రోజులు అడవిలో తిరిగి, మోకాలు పట్టేసి, కుంటుకుంటూ ఇంటికొస్తాను. గుమ్మంలో బూట్లు విప్పుతూ "సువార్తా, మోకాలు నొస్తున్నదే" అంటాను.

"జర ఆగు. బుజ్జికి ఇయ్యాల నలభై రెండు నిండినయ్. కేక్ పెట్టొస్త."

"నాకు డిసెంబర్ల యాభై నిండుతయ్, యాదికుందా?"

"ఇంకా రెండు నెలలుంది గద. నూనె సీసా ఆడనే ఉంది, రాసుకో."

నలభై దాటిన బుజ్జికి కీళ్లు పట్టేశాయని గేమ్‌లో వస్తే, దానికి వెచ్చని గడ్డి పరిచి, పొద్దునా సాయంత్రం దువ్వి, మెత్తని మేత వేసింది. నా మోకాలికి నూనె సీసా ఎక్కడుందో మాటతో చూపించింది. నా యూనిఫాం చొక్కాకి పైనుంచి రెండో గుండీ ఊడి మూడు వారాలైంది. టైలర్ మొగుణ్ని, పిన్నీసు పెట్టుకుని డ్యూటీ చేస్తున్నాను. ఒకరోజు పప్పు లేదని చారుతో పెట్టింది. అదే రోజు దాని గోదాం తెరిచి చూస్తే మూడు నెలల మేత ఉంది. నేను కుళ్లుకోవడం తప్పంటే చెప్పండి, ఇక్కడే ఆపేస్తాను.

ఇంట్లో చెప్పుకోలేక క్యాంపులో ముత్తయ్యకి చెప్పుకున్నాను. ముత్తయ్య మా వాచర్, కోయ పెద్దమనిషి, నాకంటే అడవి ఎక్కువ తెలిసినవాడు. అంతా విని అడిగాడు.

"దాని వయసెంత సార్?"

"నలభై ఐదు."

"ఎప్పుడు పుట్టింది?"

"ఆగస్టు ఆఖర్ల."

ముత్తయ్య వేళ్ల మీద లెక్కపెట్టాడు. "ఇప్పుడు అక్టోబరే గద సార్."

"అవ్. రోజుకో ఏడు ముత్తయ్యా. అది గట్లనే ముసలిదైతది."

"పాపం," అన్నాడు. నన్ను కాదు, దాన్ని. "ఒక్కటే ఉంటదా సార్ అది? మా కాడ మేక గూడ ఒక్కటే ఉంటే మేత ముట్టది. జల్దీ ముసలైతది."

దాని మీద జాలి చూపించడం నచ్చక మాట మార్చాను. "నీ వయసెంత ముత్తయ్యా?"

"నాకేం తెల్సు సార్. ఆధార్ రాసెటాయన అడిగిండు. తెల్వదన్న. నా మొకం చూసి ఏడాది ఆయనే ఏసిండు. తారీఖు జనవరి ఒకటి ఏసిండు. మా గుంపుల ఉన్నయే పదిహేను ఇండ్లు సార్, ముసలోళ్లం అందరం గా రోజే పుట్టినం."

నవ్వుకున్నాను. మా సంఘంలో ముసలివాళ్ల కార్డులూ అట్లాగే ఉంటాయని అప్పుడు గుర్తు రాలేదు. వచ్చి ఉంటే నేను ఇవాళ మీ ముందు ఇట్లా కూర్చునేవాణ్ని కాదు.

ఆ శనివారం ఇంట్లో ఉన్నాను. బుజ్జికి యాభై నిండాయి. నాకంటే ముందే అర్ధశతకం కొట్టింది, అది కూడా యాభై రోజుల్లో. పొద్దున సువార్త దానికి కొత్త మువ్వలు కట్టింది. సాయంత్రం నాలుగింటికి, ఆదివారం ఆరాధనకి చర్చి ఊడ్చి చాపలు పరచాలని వెళ్లింది. ఫోన్ చార్జింగ్‌లో పెట్టి పోయింది.

ఇంట్లో నేను, ఆ ఫోన్, అందులో వాడు. అంటే అది.

గేమ్ తెరిచి "ఆయుష్షు తగ్గుటకు కారణములు" అన్న పేజీ పట్టుకున్నాను. అందులో తెలుగు అట్లాగే ఉంటుంది. కడుపు మాడితే రెండేళ్లు తగ్గుతాయి. ఒంటరిగా వదిలేస్తే మూడేళ్లు. తన ఎదుట ఇంకోదాన్ని దువ్వుతుంటే చూసి కుళ్లుకుంటే, పూటకి ఐదేళ్లు. ఆ ఏళ్లు దాని వయసుకి కలుస్తాయి, దాన్నొక్కదాన్నే పట్టుకుని బుజ్జగించి దువ్వితే మళ్లీ కొన్ని తగ్గుతాయి. ఇదేదో బాగుందనుకున్నాను. కానీ అక్కడ ఉన్నదే ఒక్కటి, ఇంకోదాన్ని ఎక్కణ్నుంచి తేవాలి? కీర్తనకి ఫోన్ చేశాను.

"అమ్మా, ఆ మబ్బుదూడ జల్దీ ముసలిది కావాలంటే ఏం చెయ్యాలె?"

"ఎందుకు నాన్నా?"

"ఊరికే. జనరల్ నాలెడ్జ్."

"ఫోన్ల డేట్ ముందుకు జరిపితే అయితది. గేమ్ ఫోన్ తారీఖునే నమ్ముతది. కానీ నాన్నా, గట్ల మాత్రం చెయ్యకు, ఎందుకంటే అమ్మ ఫోన్ల..."

మిగతాది వినకుండానే పెట్టేశాను. నాకు కావాల్సింది దొరికింది కదా.

సెట్టింగుల్లోకి పోయాను. యాభై ఉన్నాయి, ఇంకో యాభై జరిపితే నూరు. డిసెంబర్ ఏడు పెట్టాను. గేమ్ తెరిచి చూస్తే బుజ్జికి నూరేళ్లు. గడ్డం వచ్చింది, చెవులు వేలాడాయి, కానీ నిలబడే ఉంది. సువార్త దువ్విన దువ్వుడంతా ఆయుష్షులో కలిసిపోయినట్టుంది. గోదాంలో మేత ఉండనే ఉంది, తిని కూర్చుంది.

అప్పుడే నా జేబులో నా ఫోన్ మోగింది. మెసేజ్. చూశాను.

"ప్రియ సహోదరునికి జన్మదిన శుభాకాంక్షలు. ఈ ఆదివారం ఆరాధనలో మీ కొరకు ప్రత్యేక ప్రార్థన ఉంటుంది. కుటుంబ సమేతంగా రండి. ఇట్లు సువార్త, స్త్రీల సమాజం."

నా పుట్టినరోజు డిసెంబర్ ఐదు. ఈ ఫోన్ ఆ తేదీ దాటింది కాబట్టి యాప్ తన పని తాను చేసింది, అంత వరకూ అర్థమైంది. ఇంకెంతమందికి పోయాయో అని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది. ఆలోచించలేదు. "సహోదరునికి" అన్న మాట దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. ఇరవై రెండేళ్లు కాపురం చేసినవాణ్ని సహోదరుడినట. కుటుంబ సమేతంగా రావాలట. ఆ కుటుంబం ఎవరో మరి. దూడేమో బుజ్జి, నేనేమో సహోదరుణ్ని.

ఇక ఆగలేదు. మళ్లీ జరిపాను, జనవరి ఒకటి. సువార్త ఫోన్ గుర్రు గుర్రుమని ఆగకుండా వణికింది. కొత్త సంవత్సరం వచ్చిందని గేమ్ వాళ్లు టపాసులు కాలుస్తున్నారనుకున్నాను. బుజ్జికి నూట ఇరవై ఐదు. పళ్లు లేవు, కళ్లు మూసుకుని నమిలింది. ఇంకో పదిహేను రోజులు జరిపాను. నూట నలభై. అప్పుడు వీపు మీద మబ్బు పెద్దదైంది, బుజ్జి నిమ్మళంగా పైకి లేచింది, మువ్వలు మోగాయి, తెర ఖాళీ అయింది.

"పూర్ణాయుష్షుతో వెళ్లినది" అని వచ్చింది.

గెలిచాను. తేదీ వెనక్కి పెట్టేశాను, ఎందుకంటే తారీఖు తప్పుందని వాట్సాప్ తెరుచుకోవడం మానేసింది. గేమ్ మాత్రం "కాలము వెనుకకు నడవదు" అని ఒక మాట చెప్పి ఊరుకుంది. పోయిన బుజ్జి పోయింది. నేను టీ పెట్టుకుని తాగాను. చాలా రోజుల తర్వాత రుచిగా అనిపించింది.

ఆరింటికి సువార్త వచ్చింది. కాళ్లు కడుక్కుని ఫోన్ తీసింది. నేను పేపర్ చదువుతున్నాను.

"ఏందయ్యా, బుజ్జి పోయింది."

"అయ్యో," అన్నాను. బాగానే అన్నాననుకుంటాను.

"పొద్దున యాభయ్యే గద. ఇప్పుడు నూట నలభై అని ఉంది. ఎట్లా?"

"ముసలితనం అంతే. వస్తే ఒక్కసారే వస్తది. మా నాన్నకీ గంతే."

సువార్త ఫోన్ పక్కన పెట్టింది. మిషన్ ముందు కూర్చుంది. కుట్టలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుంది, నాకు కనపడకూడదని అటు తిరిగింది. మా ఇంట్లో మిషన్ చప్పుడు ఎప్పుడూ ఉంటుంది, ఆ సాయంత్రం లేదు. టీ రుచి అప్పుడే పోయింది. కుళ్లు తీరాక ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. పక్కన కూర్చుని ఏదో అందామనుకున్నాను గానీ, చంపినవాడే పరామర్శకి పోతే ఏం బాగుంటుంది?

కాసేపటికి తనే అంది. "పోతా పోతా గోదాంల గుడ్లు పెట్టి పోయింది పాపం. పదేండ్లకొకటి లెక్కన పద్నాలుగు."

ఒక్కదాన్ని పంపించి పద్నాలుగింటిని తెచ్చుకున్నాను.

ఇక ఆదివారం. మా చర్చిలో ఎడమవైపు ఆడవాళ్లు, కుడివైపు మగవాళ్లు, చాపల మీద కూర్చుంటాం. పాటలయ్యాయి. పాస్టర్ గారు ఎప్పటిలాగే, "ఈ వారంలో జన్మదినం జరుపుకునేవారు ఎవరైనా ఉంటే ముందుకు రావాలి" అన్నారు. మామూలుగా ఒకరో ఇద్దరో చిన్నపిల్లలు కొత్త గౌనులేసుకుని వస్తారు.

శాంతమ్మ అవ్వ లేచింది. కోడలు చెయ్యి పట్టుకుంది. అవ్వ చేతిలో బిస్కెట్ పొట్లాలు. వెనకే అబ్రహాం తాత లేచాడు, గంప నిండా సీతాఫలాలు. ఆ వెనక ఇంకో అవ్వ, ఆ వెనక ఇంకో తాత. కర్రల చప్పుడు, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచే మూలుగులు. బూందీ సంచులు, అరటిపళ్ల గెల, ఒకామె ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు తెచ్చింది. పదిహేడు మంది వచ్చి పాస్టర్ గారి ముందు నిలబడ్డారు. అందరూ ఉతికిన తెల్లబట్టల్లో ఉన్నారు.

పాస్టర్ గారు కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నారు. "శాంతమ్మా, ఇయ్యాల నీ పుట్టినరోజా?"

"సువార్తమ్మ మెసేజ్ పెట్టింది అయ్యగారూ. కోడలు సదివి చెప్పింది."

"నాకూ వచ్చింది," అన్నాడు అబ్రహాం తాత. "నాకూ, నాకూ" అని వెనక నుంచి.

"మీ అందరిదీ జనవరి ఒకటి గద తాతా?"

"అవ్ అయ్యగారూ, కార్డుల గట్లనే ఉంటది. గవర్నమెంటోళ్లు మార్చిండ్రేమో అనుకున్నం. మాకు చెప్పి ఏసిండ్రా ఏంది, చెప్పి మారుస్తరా?"

అందరి తలలూ సువార్త వైపు తిరిగాయి. సువార్త సంచిలోంచి ఫోన్ తీసి నొక్కింది. పంపిన మెసేజీల పట్టీ తెరిచి ఉంటుంది. తమ తారీఖు తెలిసిన చిన్నవాళ్లకీ కొన్ని పోయాయట, వాళ్లు పొరపాటనుకుని ఊరుకున్నారు. కిందికి జరిపింది, ఇంకా కిందికి జరిపింది. తర్వాత మెల్లగా తలెత్తి, ఆడవాళ్ల చాపల మీంచి మగవాళ్ల చాపల దాకా చూసింది. నేను పాటల పుస్తకంలో తల పెట్టాను. పక్కాయన నా చేతిలో పుస్తకం తీసి తిరగేసి ఇచ్చాడు, తలకిందులుగా ఉందట.

పాస్టర్ గారు మంచి మనిషి. "ఏదో పొరపాటు జరిగినట్టుంది. జనవరిలోనే చేద్దాం, ఇప్పటికి కూర్చోండి" అనబోయారు. అబ్రహాం తాత కదల్లేదు.

"జనవరి ఒకటి నాడు కొత్త సంవత్సరం ఆరాధన అయ్యగారూ. అందరూ కొత్త బట్టలేస్తరు, అందరూ కేక్ తింటరు. మాది ఎవరికి యాదికుంటది? ఎనభై ఏండ్లొచ్చినయో ఇంకా ఎక్కువే వచ్చినయో, నీ పుట్టినరోజు అని ఇంతవరకు ఎవరూ అనలే. గా తారీఖు నిజం గాదు, గీ తారీఖు నిజం గాదు. అయితే ఏంది, వచ్చిన మెసేజ్ అయితే నిజమే గద."

శాంతమ్మ అవ్వ బిస్కెట్ పొట్లాలు గుండెకి పట్టుకునే ఉంది. పాస్టర్ గారు సువార్తని చూశారు. సువార్త లేచి నిలబడింది.

"పొరపాటేం లేదు అయ్యగారూ. నేనే పంపిన," అంది. నా తప్పు తన మీద వేసుకుంది, అంతవరకూ బాగానే ఉంది. "ఇంకొకాయనకి గూడ వచ్చింది. మా ఆయనకి. సిగ్గుపడి అక్కడనే కూసున్నడు, రమ్మనండి."

ఏం చెయ్యను? లేచి వెళ్లాను. వరసలో చివర, శాంతమ్మ అవ్వ పక్కన నిలబడ్డాను. సాయంత్రం క్యాంపుకి పోవాలని వేసుకున్న, పిన్నీసు పెట్టిన యూనిఫాం చొక్కాతో, చేతిలో ఏమీ లేకుండా. ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి పాస్టర్ గారు ప్రార్థన చేశారు. ఒక్కొక్కరి పేరూ పిలిచి సంఘమంతా పాట పాడింది. పదిహేడు సార్లు పాడి పాడి, నా వంతు వచ్చేసరికి అందరి గొంతులూ పోయాయి. నా పాట సగంలోనే ముగిసింది. శాంతమ్మ అవ్వ నా మొహంలోకి వంగి చూసింది.

"నీకెన్నేండ్లు బిడ్డా?"

"యాభై అవ్వా. అది గూడ డిసెంబర్‌కి."

"యాభయ్యేనా? ఎందుకు గట్ల వడిలినవ్? మాకంటే పెద్దోడి లెక్క కనపడుతున్నవ్."

ముందు వరసలన్నీ నవ్వాయి. వెనక వరసలు ఏమన్నదో అడిగి తెలుసుకుని నవ్వాయి.

ఇంటికొచ్చాక సువార్త సూదుల డబ్బా తీసింది. స్టూలు చూపించి కూర్చోమంది. సూదిలో దారం ఎక్కించింది. చొక్కా విప్పబోతే, "ఒంటి మీదనే ఉండనీ" అంది. పిన్నీసు తీసి, ఖాకీ గుండీ పెట్టి, కుట్టడం మొదలుపెట్టింది. సూది మొన సరిగ్గా నా గుండె మీద ఆడుతోంది.

"ఇప్పుడు చెప్పు. నా ఫోన్ జనవరికి ఎవరు తీస్కపోయిండ్రు?"

అట్లాంటప్పుడు అబద్ధం ఎవరాడతారు? అంతా చెప్పాను. కీర్తనకి చేసిన ఫోన్‌తో సహా. చివరికి మోకాలు, చారు, కేకులు, సహోదరుడు, అన్నీ కక్కాను.

"మెసేజ్ రాసింది కీర్తన. అందరికీ ఒకటే రాసింది. నేనేమన్నా నీకు సహోదరుడని రాస్తనా?" అంది. మూడు నాలుగు సార్లు సూది దూర్చి తీసింది. "అయినా ఒక దూడ మీద ఏం కుళ్లయ్యా?"

"మరి దానికి నా పేరెందుకు పెట్టినవ్?"

సువార్త చెయ్యి ఆగింది.

"నువ్వు నాలుగు దినాలు అడవిల ఉంటవ్. పిల్ల ఖమ్మం పాయె. ఇంట్ల నేను ఎవర్ని పిలవాలె? వచ్చినప్పుడు నువ్వు గుమ్మంలనే మోకాలని మొదలుపెడతవ్. బుజ్జీ అంటే పలికెటోడు ఉండాలె గద ఒకడు." దారం ముడి వేసి, నా గుండె దగ్గరికి వంగి పళ్లతో కొరికి తెంపింది. "గా పిలుపు నోటికి రాకుండ పోతదేమోనని దానికి పెట్టిన."

నేను చాలాసేపు గుండీని పెట్టి తీసి, పెట్టి తీసి చూసుకున్నాను. అడవిలో నాలుగు రోజులు నేనొక్కణ్నే ఒంటరినని అనుకుంటూ తిరిగినవాణ్ని, ఇంట్లో నాలుగు రోజులు ఇంకో మనిషి ఒక్కతే ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది.

"సరే," అంది తనే లేస్తూ. "నువ్వే పంపించినవ్, నువ్వే సాకు."

అదే శిక్ష. గుడ్లు పద్నాలుగూ ఆ సోమవారమే పగిలాయి. కీర్తన హాస్టల్ నుంచి ఫోన్లో చెప్తూ చెప్తూ, నవ్వుతూ నవ్వుతూ, నా ఫోన్లో కూడా అదే గేమ్ వచ్చేట్టు చేయించింది. ఇప్పుడు క్యాంపులో పొద్దునా సాయంత్రం, పట్టిన మోకాలితో వాచ్ టవర్ ఎక్కుతున్నాను. సిగ్నల్ అక్కడే ఉంటుంది. పద్నాలుగింటికీ మేత వేసి, పద్నాలుగింటినీ దువ్వి దిగుతున్నాను. సువార్త వాటిలో పదమూడింటికి సంఘంలో ఆ రోజు నిలబడ్డ తాతలవీ అవ్వలవీ పేర్లు పెట్టింది. పద్నాలుగోదానికి దేవదానం అని పెట్టింది.

అన్నీ ఒకేరోజు పుట్టాయి కదా, అన్నీ ఒకే వయసు ఉండాలి. శాంతమ్మకి తొమ్మిదేళ్లు, అబ్రహాంకి తొమ్మిదేళ్లు, చక్కగా గంతులేస్తున్నాయి. దేవదానానికి అరవై నాలుగు. మూలకి కూర్చుంటుంది. గడ్డం కూడా వచ్చింది. ఏమైందా అని దాని పట్టీ తెరిచి చూస్తే, "కారణము: ఇతరులను దువ్వుచుండగా చూసి కుళ్లుకొనుట" అని పదకొండు పూటలు వరసగా రాసి ఉంది. టవర్ మీద నా పక్కనే ఉన్న ముత్తయ్యకి చూపించాను. దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"దాన్ని ముందుగాల దువ్వున్రి సార్," అన్నాడు. "గట్ల వదిలేస్తే పోతది."

ముందుగాల దువ్వబోయాను. నా వేలు చూసి మొహం తిప్పుకుంది.

నిన్న ఇంటికొచ్చి ఆ మాట చెప్తే సువార్తకి కంగారు పుట్టింది. ఫోన్ తీసుకుని మంచమ్మీద కూర్చుని, ఒక్క దేవదానాన్నే పట్టుకుని గంటసేపు దువ్వింది. "రారా నాయనా, రా బుజ్జీ, ఎందుకు నీకంత ఉడుకుమోతుతనం" అని బుజ్జగించింది. అది మెల్లగా మూల నుంచి లేచి వచ్చి, తన వేలి కిందికి మెడ చాపింది. అరవై నాలుగు కాస్తా అరవై ఒకటైంది.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఒక బూటు విప్పాను, రెండోది విప్పలేదు. మోకాలు నొస్తోంది, కానీ ఆ మాట అనలేదు. అక్కడ మంచమ్మీద దేవదానాన్ని దువ్వుతోంది, దేవదానాన్ని బుజ్జీ అంటోంది, దేవదానం వయసు తగ్గుతోంది. ఇంతకుముందు దూడని చూసి కుళ్లుకున్నాను. ఇప్పుడు నన్ను చూసి నేనే కుళ్లుకుంటున్నాను.